మునిగిన వీధిని పిలిచే మనిషి

చచ్చినవాళ్లను రోజూ సాయంత్రం పేరుపేరునా పిలిచి, లోపలికి తోలి, తడిక వేసే మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. తొమ్మిదో తరగతిలోనే చదువుకు దణ్ణం పెట్టిన నాకు ఆ భాగ్యం దక్కింది. డిగ్రీలు చదివిన మీకు దక్కలేదు. పైగా ఆ మనిషికి తెలివైన సలహా ఒకటి ఇచ్చి, చేయకూడని పని చేయించినవాణ్ణి కూడా నేనే.

ఆమె పేరు నాగమల్లేశ్వరి. ఆనకట్ట నీళ్లలో మా రేగులపాడు మునిగాక, అచ్చంపేట దాటి మాకు కట్టిన కాలనీ చివర ఆమె దొడ్డి ఉంది. మూడు గేదెలు, పది మేకలు, నాటుకోళ్లు, ఒక గుంపు బాతులు. అందులో ఒక పుంజు కూస్తే కృష్ణ అవతల తెలంగాణలో జనం లేచి పళ్లు తోముకుంటారు. కాలనీలో బాలింతకు పాలు, జ్వరం తగ్గినవాడికి గుడ్డు, చేలకు ఎరువు, అన్నీ ఆ దొడ్డి నుంచే.

ఆ గొడ్లలో సగం ఆమెవి కావు. ఊరు ఖాళీ చేసేటప్పుడు కాలనీలో చూపించిన స్థలాల్లో మనిషి కాళ్లు చాపితేనే గోడ తగిలేది. గొడ్డును ఎక్కడ కడతారు? చాలామంది వచ్చినకాడికి అమ్ముకున్నారు. అమ్మబుద్ధి కానివాళ్లు మల్లేశ్వరికి పాలికి తోలారు. పాలికి అంటే తల్లి ఇచ్చినవాళ్లదే, ఈతలు మాత్రం ఒకటి మేపినవాళ్లకు, ఒకటి సొంతదారుకు. తల్లి చస్తే దాని కూతురు ఆ స్థానంలోకి వస్తుంది. ఎవరిది ఏదో మరిచిపోకుండా, ఆమె గొడ్లకు సొంతదారుల పేర్లే పెట్టుకుంది.

పొద్దుగూకే వేళ తడిక దగ్గర నిలబడి పిలుస్తుంది. "వెంకమ్మా!" గేదె వస్తుంది. "సయీదా!" మేక వస్తుంది. "పున్నారావూ!" ఇంకో గేదె. "ఐజాకూ!" బాతులన్నీ వరసకట్టి వస్తాయి. ఆ వరస ఆమె కల్పించింది కాదు. పాత ఊళ్లో మా వీధిలో ఇళ్లు ఆ వరసలోనే ఉండేవి. ఏటి ఒడ్డున చివరి ఇల్లు ఐజాక్‌ది.

ఏళ్లు గడిచేకొద్దీ ఆ పేర్లవాళ్లు ఒక్కొక్కరే పోయారు. పేర్లు మాత్రం గడ్డి తింటూ, నెమరు వేస్తూ ఉన్నాయి. కాలనీకి కొత్తగా కాపురానికి వచ్చిన ఒక కోడలు, ఫోటోకు దండ వేసి ఉన్న తన అత్తను ఎవరో బయట నుంచి పిలవడం విని మూడు రోజులు జ్వరంతో పడుకుంది.

ఆఖరున పోయింది సయీదా. నరసరావుపేటలో కొడుకు ఇంట్లో పోయింది. నెల దాటాక ఆమె మనవడు ఫహీమ్ మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఊరు విడిచినప్పుడు పదేళ్లవాడు, ఇప్పుడు గడ్డం పెంచిన మెకానిక్కు.

"పెద్దమ్మా, శుక్రవారం దాదీ నలభయ్యో రోజు ఫాతెహా, ఆమె పేరున దువా చేసి అందరికీ అన్నం పెట్టాల. ఆమె మేక మీ కాడ ఉందంట కదా. అదే కోద్దామని నాన్న మాట."

"ఉందయ్యా. ఎందుకు లేదు? గురువారం రా, పట్టిస్తా."

వాడు వెళ్లాక మల్లేశ్వరి కుడితి తొట్టి గట్టు మీద కూలబడింది. "ఆమె పాలిది ఇదొక్కటే మిగిలిందిరా. ఇంకా ఈనలా. ఇది గానీ పోతే సయీదా అని దేన్ని పిలవాల?"

"దానికేమన్నా ఆధార్ కార్డుందా అత్తా? నీ సొంత మేకనియ్యి. రెండూ నల్లవే," అన్నాను నేను.

"అబద్ధమవుద్ది కదరా."

"నీది నాలుగు కేజీలు ఎక్కువ తూగుద్ది. ఎక్కువిస్తే అబద్ధమెట్టా అవుద్ది?"

ఈ ప్రశ్నకు ఏ ప్లీడరూ జవాబు చెప్పలేడు. గురువారం ఫహీమ్ చేతికి తన మేక తాడు ఇచ్చింది.

"ఇదేనా పెద్దమ్మా?"

"ఇదే," అంది, వాడి మొహం చూడకుండా.

శుక్రవారం సాయంత్రం ఆమె పిలిచింది. వెంకమ్మ వచ్చింది. "సయీదా!" అంది. మేక రాలేదు. దొడ్డి బయట ముళ్లకంప చివర, ఊరు మునిగిన నీళ్లకేసి తిరిగి నిలబడి ఉంది. మళ్లీ పిలిచింది. చెవి కూడా ఆడించలేదు. పున్నారావు గేదె తడిక ముందుకు వచ్చి ఆగిపోయింది. ఎంత అదిలించినా అడుగు వేయదు. దాని వెనక బాతులు.

నేను వెళ్లి మేకను ఎత్తుకొచ్చి లోపల పడేశాను. మొసలిని ఒంటిచేత్తో ఒడ్డుకు లాగినవాణ్ణి, మేక ఒక లెక్కా? తిరిగి చూసేసరికి అది మళ్లీ కంప దగ్గరే ఉంది. ఎటునుంచి దూకిందో నాకు తెలియదు. దాని మెడలో గంట చప్పుడు కూడా వినలేదు.

మూడు సాయంత్రాలు అదే వరస. కుక్కలు కాచుకుని కూర్చున్నాయి. మల్లేశ్వరి గొంతు బొంగురుపోయింది. ఇక ఆ మేక తన పిలుపుకు రాదేమోనన్న భయం ఆమె మొహంలో కనపడుతోంది. "సయీదాకు నలభయ్యో రోజున తన మేక చేరలేదురా," అంది.

నాలుగో సాయంత్రం నా చెయ్యి పట్టుకుంది. "ఫహీముకు ఫోన్ కలుపు."

స్పీకర్ పెట్టాను.

"నాయనా, నీకిచ్చింది మీ దాదీది కాదు. నాది. అబద్ధమాడా. ఆమెది ఇక్కడే ఉంది, నా పిలుపుకు రావట్లా. వచ్చి తోలుకుపో."

అవతల పానా కింద పెట్టిన చప్పుడయింది. తర్వాత వాడన్నాడు: "అందరం తిన్నాం పెద్దమ్మా, ఆమె పేరు చెప్పుకుని. అది చాలు. ఆ మేకను మీరే ఉంచుకోండి."

"ఆ మాట నాకు కాదయ్యా, దానికి చెప్పు."

ఫోను పట్టుకుని కంప దగ్గరికి వెళ్లాను. ఫహీమ్ గొంతు సవరించుకున్నాడు. "దాదీ, పొద్దుగూకింది. లోపలికి రా."

నేను చెప్పేవాటిలో సగం కోతలే. మొసలి ఆ సగంలోది. ఇది కాదు. మేక తల తిప్పింది. నన్ను చూడలేదు, ఫోనునూ చూడలేదు. నాకూ ఫోనుకూ మధ్య ఉన్న ఖాళీలోకి చూసి, నెమ్మదిగా నడిచి తడిక దాటింది.

"పోయిందా?" అన్నాడు ఫహీమ్.

"పోయింది నాయనా." మల్లేశ్వరి కొంగుతో కళ్లు తుడుచుకుని మిగతావాళ్లను పిలిచింది. పున్నారావు కదిలింది. ఐజాక్ బాతులు వెళ్లాయి. వాడు ఫోను పెట్టేయకుండా అంతా విన్నాడు.

"ఒక ఇల్లు వదిలేశారు పెద్దమ్మా. మా ఇంటికీ పున్నారావు తాత ఇంటికీ మధ్యన మీ ఇల్లుండేది కదా."

"నన్ను నేనెట్టా పిలుచుకుంటానయ్యా?"

ఫోనులోంచి, చిన్నపిల్లవాడు వీధి ఈ కొస నుంచి ఆ కొసకు అరిచినట్టు వినపడింది. "మల్లేశ్వరి పెద్దమ్మా! లోపలికి రండి!"

"ఆ," అందామె. తల వంచి, ఇందాక మేక వెళ్లిన దారినే లోపలికి నడిచి తడిక లాక్కుంది. బయట ఫోను పట్టుకుని నేనొక్కణ్ణే మిగిలాను.