కిటికీలోంచి దస్తీ

పదేళ్ళు వచ్చేదాకా నేను బస్సు తలుపులోంచి ఎక్కింది తక్కువ, కిటికీలోంచి ఎక్కిందే ఎక్కువ. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులోకి మా ఊరి బస్సు వచ్చి ఆగీ ఆగకముందే మా నాయిన నన్ను చంకల కింద పట్టి పైకి లేపి, కిటికీలోంచి లోపలికి తోసేవాడు. నేను తలకిందులుగా సీట్లో పడి, లేచి, కాళ్ళూ చేతులూ బారజాపి ముగ్గురు కూర్చునే సీటు మొత్తం ఆక్రమించి పడుకునేదాన్ని. ఎవరైనా దగ్గరికొస్తే "మావోళ్ళు ఒస్తున్నరు" అని అరవాలి. అ ఆల కంటే ముందు నేను నేర్చుకున్న పాఠం అది.

కాస్త పెరిగి కిటికీలో పట్టకుండా అయ్యాక నా ఉద్యోగం దస్తీకి పోయింది. చేతిరుమాలును మా ఇంట్లో దస్తీ అనే అంటాం. ఉత్త దస్తీ విసిరితే గాలికి తిరిగొచ్చి మన మొహానే కొడుతుంది. అందుకని నాయిన ఒక మూల ముడేసేవాడు. ఆ ముడి బరువుకు అది అనుకున్న చోటే పోయి పడేది. నాకు బొంగరం తిప్పడం రాదు, ముగ్గు వేస్తే వంకర పోతుంది, కానీ దస్తీ విసరడంలో మాత్రం మా వాడకట్టులో నన్ను మించినవాళ్ళు లేరు.

నాయిన నల్లగొండ పల్లె నుంచి ఒట్టి చేతులతో వచ్చి ఆటో నడుపుకుంటూ మమ్మల్ని పెంచాడు. కొత్తపేటలో ఆటోల అడ్డా ఉంది, ఆయన అక్కడే ఉంటాడు. ఆయనకు ఒకటే సిద్ధాంతం: "ముందుగాల జాగ పట్టాలె బిడ్డా, మంచిచెడ్డలు కూసున్నంక మాట్లాడుకోవచ్చు." దీన్ని ఆయన ఒక్క బస్సుకే వదిలిపెట్టలేదు. మలక్‌పేట దవాఖానకు పోతే లైన్లో చెప్పులు విడిచి, ఆయన పోయి నీడకు కూర్చునేవాడు. చెప్పులు పేషెంటులా ముందుకు జరుగుతుండేవి. పెళ్ళికి పోతే భోజనాల హాల్లో ఎవరి కుర్చీ వెనక నిలబడాలో చెవిలో చెప్పేవాడు. "పెరుగన్నం కాడున్నోని ఎనుక నిలబడాలె. సాంబారు కాడున్నోని ఎనుక నిలబడ్డవనుకో, ఆకలితోని సస్తవ్." నేను వరసలన్నీ చూసి, పెరుగు కలుపుకుంటున్న మనిషిని పట్టుకుని, ఆయన మూతి కడుక్కోవడానికి లేచేలోపు కుర్చీలో ఉండేదాన్ని. ఆ మనిషి ఆఖరి నాలుగు ముద్దలు ఎంత ఇబ్బందిగా తినేవాడో నాకప్పుడు పట్టలేదు.

ఈమధ్య నాయినను మొదటిసారి మెట్రో ఎక్కించాను. ప్లాట్‌ఫాం మీద జేబులోంచి దస్తీ తీసి, ముడేసి, రైలు పొడుగునా చూసి, "ఇదేం బండి బిడ్డా, కిటికీ తెరుసుకోదు" అని నన్నే కోప్పడ్డాడు. దస్తీ పట్టని బండి ఎంత వేగంగా పోయినా ఆయన లెక్కలో అది బండి కాదు.

ఇట్లాంటి ఇంట్లో పెరిగాను గనక ప్రపంచమంటే ఏమిటో నాకు చిన్నప్పుడే తెలిసిపోయింది. సీట్లు తక్కువ, మనుషులు ఎక్కువ, దస్తీ ఉన్నవాడిదే రాజ్యం. ఇందులో అనుమానపడాల్సింది ఏదీ కనపడలేదు, మా పై పోర్షన్‌లోకి కిరాయికి గోదావరి జిల్లా వాళ్ళు దిగేదాకా.

ఆ ఇంటాయనది బ్యాంకులో పని. కూతురిది నా ఈడే, ఇంటర్‌లో ఒకే కాలేజీలో చేరాం. వాళ్ళ పద్ధతులు చూసి నాకు మతిపోయేది. బస్సు పదింటికైతే తొమ్మిదింటికే పోయి ఒక పక్కన నిలబడతారు. అందరూ ఎక్కాక ఎక్కుతారు. పెళ్ళిలో ఎవరో ఒకరు వచ్చి "రండి, కూర్చోండి" అని చేయి పట్టుకుని లాగితే తప్ప పంక్తి దగ్గరికి పోరు. మా వాడకట్టులో పెళ్ళయితే చేయి పట్టుకునే తీరిక ఎవరికుంటుంది? ఒకసారి పాపం, ముగ్గురూ గోడ పక్కన నవ్వుతూ నిలబడి, ఇంటికొచ్చి ఉప్మా చేసుకున్నారు. వాసన కిందికొచ్చింది. మా అమ్మ "ఎంత మంచోళ్ళో, ఎట్ల బతుకుతరో" అంది.

ఆ పిల్లంటే నాకు ప్రాణం. అందుకే మొదటి బెంచీ మీద నాకో దస్తీ, ఆమెకో దస్తీ వేసిపెట్టేదాన్ని. ఆమె వచ్చి, దస్తీ మడిచి నా చేతిలో పెట్టి, పోయి ఆఖరి బెంచీలో కూర్చునేది.

"ఖాళీ బల్ల మీద గుడ్డ వేసి నాదంటే నీదెలా అవుతుందే?" అంది ఒకరోజు.

"మరెట్ల అయితది?"

"కూర్చుంటే అవుతుంది."

"నేను కూసునేలోపల ఇంకోడు కూసుంటడు కదనే."

"కూర్చోనీ."

కూర్చోనీ! ఆ మాట మా వంశంలో ఎవరి నోటా రాలేదు. ఈ పిల్లను ఎవరో ఒకరు కాపాడాలి, ఆ ఎవరో నేనే అని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

ఇంటర్ అయిపోయింది. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కు సర్టిఫికెట్లు చూపించాల్సిన రోజు వచ్చింది. హయత్‌నగర్ దాటాక ఒక కాలేజీలో సెంటరు. మా ఇద్దరికీ ఒకటే టైమిచ్చారు. పొద్దున నాయినకు స్కూలు పిల్లల ట్రిప్పు ఉంది, అందుకని బస్సులో పోదామనుకున్నాం. నా కాగితాలు నా బ్యాగులో ఉన్నాయి. ఆమెవి నలగకుండా ప్లాస్టిక్ ఫైల్లో పెట్టి, వాళ్ళమ్మ దానికి కుంకుమ బొట్టు కూడా పెట్టింది. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, అన్నీ ఒరిజినల్స్. "జాగ్రత్తమ్మా, ఇద్దరూ" అని గేటు దాకా వచ్చింది. ఆ ఇద్దరూ అన్నప్పుడు నన్నే చూసింది.

ఆడవాళ్ళకు టికెట్ లేకుండా అయినప్పటి నుంచి బస్టాండు తిరునాళ్ళలా ఉంటోంది. ఆ రోజైతే ఇసుక వేస్తే రాలదు. ఒక బస్సు మలుపు తిరిగి లోపలికొచ్చింది. జనం కదిలారు. నేనూ కదిలాను. ఏ బస్సో చూడలేదా అంటారేమో, మా పద్ధతిలో బోర్డు చదవడం ఆ తర్వాతి పని. బోర్డు చదువుతూ నిలబడ్డవాడు గమ్యం తెలుసుకుని నిలబడే పోతాడు. పరుగెత్తుతూనే దస్తీ ముడేసి విసిరాను. కిటికీ పక్క సీట్లో పోయి పడింది. మరి ఆమెకో? ఆమె దగ్గర దస్తీ ఉండదని తెలుసు. వెనక్కి తిరిగి, ఆ తోపులాటలో ఆమెకు తెలిసేలోపే ఆమె చంకలోని ఫైలు లాగి, అదే కిటికీలోంచి గిరాటేశాను. దస్తీ పక్కనే వెల్లకిలా, ఎవరో చేత్తో సర్దిపెట్టినట్టు పడింది. నాయిన చూసుంటే వీపు తట్టేవాడు.

ఇక తలుపు. మోచేతులు వాడి మెట్టు మీద ఒక కాలు పెట్టాను. లోపలి నుంచి కండక్టర్ "మాల్, దేవరకొండ, దేవరకొండ" అని అరుస్తున్నాడు. వెనకనుంచి ఆమె నా బ్యాగు పట్టుకుని గుంజింది.

"దిగవే, ఇది మన బస్సు కాదు."

దిగాను. బస్సు పొగ వదిలి వెళ్ళిపోయింది. "హమ్మయ్య, కొద్దిల తప్పింది" అన్నాను. ఆమె కూడా నవ్వింది. ఇద్దరం చున్నీలు సర్దుకున్నాం. అప్పుడు ఆమె చంక తడుముకుంది.

"నా ఫైలేది?"

ఆ మొహం నేను మర్చిపోలేను. కేకలు వేయలేదు, కొట్టలేదు. రెండేళ్ళు నిద్ర మానుకుని చదివిన పిల్ల, చేతులు వేలాడేసి బస్సు పోయిన వైపు చూస్తూ నిలబడింది. నాయినకు ఫోన్ చేశాను.

సంగతంతా విని ఆయన ఒకటే అడిగాడు. "సీట్ల పడ్డదా, కింద పడ్డదా?"

"సీట్లెనే."

"సక్కగ పడ్డదా?"

"దస్తీ పక్కపొంటనే పడ్డది నాయినా."

"ఐతె ఏడికి పోదు. పిల్లగాండ్లను ఇప్పుడే దింపిన. ఆడనే ఉండుండ్రి, ఒస్తున్న."

ఆటోలో ఆమె ఆ చివర, నేను ఈ చివర కూర్చున్నాం. "ఇంక నువ్వు నాతో మాట్లాడకు" అంది, బయటికి చూస్తూ. సరే అని కూడా అనలేదు నేను, అంటే మాట్లాడినట్టవుతుందని. నాయిన మెట్రో పిల్లర్ల పక్క నుంచి, బండ్ల సందుల్లోంచి, ఒకచోట ఫుట్‌పాత్ అంచు మీద నుంచి పోనిచ్చాడు. "నువు పరేషాన్ గాకు బిడ్డా, దస్తీ ఏసిన జాగ ఎవ్వడు ముట్టడు" అని ఆమెకు చెప్తూనే, మధ్యలో గొంతు తగ్గించి ఈసారి బాలాపూర్ గణపతికి కొబ్బరికాయ కొడతానని మొక్కుకున్నాడు. అంత నమ్మకం ఉన్నవాడికి కొబ్బరికాయ ఎందుకో నేనడగలేదు.

ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు కనపడి మళ్ళీ మాయమైంది. సాగర్ రోడ్డు మీద, బీఎన్‌రెడ్డి నగర్ స్టాపులో దొరికింది. నాయిన ఆటోను తీసుకుపోయి బస్సు ముందు అడ్డంగా పెట్టాడు. డ్రైవర్ తిట్టే తిట్లకు నాయిన చేతులు జోడించి నిలబడ్డాడు. మేం ఎక్కాం.

లోపల కాలు పెట్టే చోటు లేదు. మెట్ల మీద మనుషులు, ఇంజను పక్కన మనుషులు, ఒకరి మోచేయి ఒకరి మెడలో. ఆ గుంపులోంచి తలలు తప్పించుకుంటూ చూశాను. మధ్య వరసలో ఒక సీటు ఖాళీగా ఉంది. కిటికీ పక్కన నా దస్తీ, దాని పక్కన బొట్టు పెట్టుకుని ఫైలు. కొత్త దంపతుల్లా దర్జాగా కూర్చుని ప్రయాణం చేస్తున్నాయి.

"ఎవలదమ్మా గీ జాగ?" అన్నాడు కండక్టర్. "ఎప్పటిసంది అడుగుతున్న. ఒస్తున్నరు, ఒస్తున్నరు అంటున్నరు."

"ఎవరన్నారు?" అంది నా స్నేహితురాలు.

"బస్సంత అంటుంది."

సీటుకు ఆనుకుని ఒక ముసలమ్మ నిలబడి ఉంది. ఒక చేత్తో పై కడ్డీ పట్టుకుంది, రెండో చేతిలో దవాఖాన వాళ్ళిచ్చే ఎక్స్‌రే కవరు. బస్సు ఆగి ఉన్నా కాళ్ళు వణుకుతున్నాయి. నన్ను చూసి, "ఒచ్చినవా బిడ్డా, కూసో. ఒకాయిన కూసోబోతుంటె అద్దన్న" అంది.

"మీరు కూర్చోవచ్చు కదా అవ్వా?" అంది నా స్నేహితురాలు.

ముసలమ్మ ఆ ప్రశ్నే అర్థం కానట్టు చూసింది. "దస్తీ ఉన్నది గద."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దస్తీ విసిరినవాడిదే సీటని ఇన్నాళ్ళూ అనుకున్నాను. విసరడం నాకు నాయిన నేర్పాడు. ఖాళీ సీటు పక్కన నొప్పి కాళ్ళతో నిలబడటం ఈమెకు ఎవరు నేర్పారో. ఏ ఇంట్లోనూ ఆ పాఠం చెప్పగా నేను వినలేదు. కానీ బస్సు మొత్తానికీ వచ్చు.

"మేం దిగిపోతున్నం" అని గొణిగాను. బస్సులో కలకలం లేచింది. "ఏంది, కూసోరా?" "గింత దూరం ఉత్త సీటు మోసుకొస్తిమి" అని నాలుగు వైపుల నుంచీ అక్షింతలు పడ్డాయి. అన్నీ నాకే. నా స్నేహితురాలు ఫైలు గుండెలకు హత్తుకుని, రెండో చేత్తో ముసలమ్మను పట్టుకుని సీట్లో కూర్చోబెట్టింది. ఆమె కూర్చుంటూ కూడా "మల్ల నువ్వెట్ల బిడ్డా?" అని నన్నడుగుతూనే ఉంది.

కిందికి దిగి ఆటో దాకా వచ్చామో లేదో, "దస్తీ మరిశినవ్" అని కిటికీలోంచి కేక. ముడి ఉంది కదా, దస్తీ సూటిగా వచ్చి నా ఛాతీకి తగిలింది. కిటికీలోంచి బయటికి వచ్చిన దస్తీని నేను చూడటం అదే మొదలు.

సెంటరుకు పోయేసరికి మా టైము దాటిపోయింది. అయితే లైను గేటు బయటి దాకా ఉంది, లోపలివాళ్ళు గడియారం చూసుకునే స్థితిలో లేరు. సాయంత్రానికల్లా ఆమె పనీ అయింది, నా పనీ అయింది. కాగితాలన్నీ భద్రంగా ఫైల్లోకి చేరాయి. కానీ ఆమె మాత్రం నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నాయిన తన గిరాకీకి ఎప్పుడో పోయాడు. ఫైలు సంగతి ఎట్లా ఉన్నా, ఈ పిల్లను పోగొట్టుకున్నానని నాకు ఏడుపొస్తోంది.

తిరుగు బస్సు కూడా కిటకిటలాడుతూనే ఉంది. నేను దస్తీ తియ్యలేదు. అందరితో పాటు ఎక్కి నిలబడ్డాం. మా పక్కనే ఒక సీటు ఖాళీగా ఉంది, దాని మీద ఎవరిదో మాసిన తువ్వాల. టిఫిన్ క్యారియర్ పట్టుకున్న ఒకాయన తువ్వాల పక్కకు జరిపి కూర్చోబోయాడు. నా స్నేహితురాలు చేయి అడ్డం పెట్టింది.

"ఆగండన్నా. ఒస్తున్నరు."

మా మాట, ఆమె నోట. ఆయన గొణుక్కుంటూ వెనక్కి తగ్గాడు. నేను ఉండబట్టలేక, జవాబు రాదనుకుంటూనే అడిగాను.

"ఎవరొస్తున్నరే?"

"నాకేం తెలుసే?" అంది. "తువ్వాల ఉంది కదా."

ఆ తువ్వాల మనిషి రానేలేదు. ఇద్దరం ఆ ఖాళీ సీటు పక్కనే నిలబడి, దిల్‌సుఖ్‌నగర్ దాకా మాట్లాడుకుంటూ వచ్చాం.