రాజుగారి గడ్డం, ఆంటీ పులిహోర

సింగపూర్‌లో కూర్చుని బెల్జియం శిల్పి మీద పరిశోధన చేస్తున్నానంటే మనవాళ్లు ముందు జాలిపడతారు. ఆ తర్వాత ఉద్యోగం వస్తుందా అని అడుగుతారు. నేను టాంపినీస్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్న ఇంటి అంకుల్ అయితే, ఇక్కడి నది ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడ్డ తెల్లదొర విగ్రహం గురించే నేను చదువుతున్నానని నమ్ముతారు. రెండుసార్లు సరిదిద్దాను. ఆయన శ్రద్ధగా తలూపి, మర్నాడు స్నేహితులకు మళ్లీ ఆ మాటే చెప్పారు. ఇక ఊరుకున్నాను.

నా శిల్పి మరీ పెద్దింటివాడేం కాదు. బుద్ధిగా అకాడమీలో చదువుకున్నాడు, ఎలాగో రాజుగారి దృష్టిలో పడ్డాడు, ఇక వెనక్కి చూసుకోలేదు. ఆ రాజు సామాన్యుడు కాడు. ఆఫ్రికాలో తన దేశానికి ఎన్నో రెట్లు పెద్దదైన నేలను సొంత ఎస్టేటులా ఏలాడు. అక్కడి జనంతో రబ్బరు తీయించాడు, చాలినంత తేలేకపోయినవాళ్ల చేతులు నరికే పాలన నడిపాడు, వచ్చిన సొమ్ముతో తన రాజధానిని ముస్తాబు చేశాడు. ఆ ముస్తాబులో మావాడి వాటా చిన్నది కాదు. రాజుగారి తల పాలరాతిలో, రాజుగారి తల కంచులో, రాజుగారు గుర్రం మీద, గుర్రాలు భవనాల మీద. గడ్డం దగ్గరికి వచ్చేసరికి శిల్పికి పూనకం వచ్చేదనుకుంటాను. ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టుకోవచ్చు. ఈ మధ్య జనం ఆ విగ్రహాలకు ఎర్రరంగు పూస్తున్నారు. నేను పూయలేదు గానీ నా థీసిస్ మొత్తం ఆ పనే.

మూడో అధ్యాయంలో ఈ శిల్పిని బాగా ఉతికి ఆరేశాను. ఆయన చేసిన ఒక స్మారకంలో పైన సైనికాధికారి ఉంటాడు, కోటు బొత్తాలతో సహా ప్రాణం ఉట్టిపడుతూ. కింద, ఆ అధికారి బూట్ల దగ్గర, ఒక ఆఫ్రికా స్త్రీ తలమీద గంపతో కూర్చుని ఉంటుంది. ఇంకో ఊళ్లోని స్మారకం కిందా అదే స్త్రీ, అదే ముఖం, అదే కూర్చునే తీరు. గంప తీసేసి కుండ పెట్టాడు, అంతే. ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, కింద గర్వంగా ఒక వాక్యం రాశాను: ‘ఈ శిల్పి ఆమెను ఒక్కసారైనా కన్నెత్తి చూడలేదు.’ మా ప్రొఫెసర్ ఆ వాక్యం పక్కన పెన్సిలుతో ‘ఆధారం?’ అని రాసి పంపారు. నాకు ఒళ్లు మండింది. కళ్లుంటే కనపడదా అనుకున్నాను.

ఇక నా రెండో వృత్తి. మనవాళ్లు నలుగురు ఎక్కడ చేరినా ముందు సంఘం పుడుతుంది, ఆ వెంటనే సన్మానం పుడుతుంది. సన్మానమన్నాక శాలువా ఉండాలి, శాలువాతో పాటు ఫ్రేము కట్టిన అభినందన పత్రం ఉండాలి, దాన్ని ఎవరో ఒకరు మైకులో గొంతెత్తి చదవాలి. మా సంఘంలో ఆ పత్రాలు రాసేది నేనే. ‘మా ఆస్థాన రచయిత్రి’ అని అధ్యక్షులవారు నన్ను అందరికీ పరిచయం చేస్తుంటారు. వద్దండీ అంటూ సిగ్గుపడేదాన్ని. మళ్లీ ఎప్పుడంటారా అని ఎదురుచూసేదాన్ని.

ఈ రాతలో ఒక కిటుకుంది. నా లాప్‌టాప్‌లో రెండు ఫైళ్లున్నాయి, ఒకటి మగవాళ్లకు, ఒకటి ఆడవాళ్లకు. ‘ఓ వదాన్యశేఖరా’ అని మొదలయ్యేది ఒకటి, ‘ఓ సుగుణశీలా’ అని మొదలయ్యేది ఒకటి. మనిషి మారినప్పుడల్లా పేరూ, ఊరూ, ఒకటి రెండు విశేషణాలూ మారుస్తాను. పదినిమిషాల పని.

మొన్నటి ఉగాదికి రెండు సన్మానాలన్నారు. ఒకటి కార్యక్రమానికి స్పాన్సర్ అయిన వ్యాపారస్తుడికి. రెండోది మా ఇంటి ఆంటీకి. ఆమెది కాకినాడ. ఇరవయ్యేళ్లుగా సంఘం ఏ పండగ చేసినా పులిహోర, చక్రపొంగలి ఆమె చేతిమీదుగా జరగాల్సిందే. మైకులో ఎవరూ ఎప్పుడూ ఆమె పేరెత్తలేదు. ‘వంటల ఆంటీ’ అంటే చాలు, అందరికీ తెలుసు.

స్పాన్సరు గారి కోసం సెరంగూన్‌లోని ఆయన కాండోకు మూడు సాయంత్రాలు వెళ్లాను. ఒక్క సూట్‌కేసుతో దిగిన రోజు నుంచి ఇప్పటి ఈతకొలను దాకా ఆయన చెప్పినదంతా రాసుకున్నాను. ఆయన మీసం తీరు మీద కూడా ఒక సమాసం అల్లాను. ఇటు ఆంటీ మాత్రం పైకి ‘ఈ వయసులో నాకెందుకమ్మా ఇవన్నీ’ అంటూనే, పట్టుచీర తీసి ఎండలో ఆరేసింది. ఏం రాస్తున్నావో ఒకసారి చూపించమంది. సర్‌ప్రైజ్ ఆంటీ అన్నాను. రాస్తే కదా చూపించడానికి.

పండగకు వారం ముందు ఒక సాయంత్రం ఆమె నా గదిలోకి వచ్చి, మంచం అంచున కూర్చుంది. ఒళ్లో స్టీలు పళ్లెం పెట్టుకుని చింతపండు పిక్కలు తీస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది. నేను వీపు తిప్పి కూర్చుని రాజుగారి గడ్డం గురించి రాస్తున్నాను. ఆ పేరా మర్నాటికల్లా ప్రొఫెసర్‌కు పంపాలి. మధ్యమధ్యలో ‘ఊ’ అన్నాను. చాలాసేపే చెప్పిందనుకుంటాను, ఎందుకంటే లేచేసరికి పళ్లెం నిండిపోయింది.

ఉగాదికి ముందురోజు పొద్దున ఆడవాళ్ల ఫైలు తెరిచాను. అంతకుముందు దాన్ని వాడింది ఒక సంగీతం టీచరు కోసం. పేరు మార్చాను, ఊరు మార్చాను, ‘అన్నపూర్ణ’ అని ఒక మాట చేర్చాను, తంజోంగ్ పగార్‌లో ఫ్రేములు కట్టే షాపుకు పంపేశాను.

మర్నాడు హాలు నిండింది. టిష్యూ పాకెట్లు పెట్టి ముందువరస కుర్చీలు ఎప్పుడో ‘చోప్’ చేసేశారు, అంటే ఇక్కడి పద్ధతిలో ఆపేసుకున్నారు. స్పాన్సరు గారి పత్రానికి చప్పట్లు మోగాయి, మీసం దగ్గర ఈలలు కూడా పడ్డాయి. తర్వాత ఆంటీని పిలిచారు. పట్టుచీర మీద శాలువా కప్పారు. అధ్యక్షులవారు గొంతు సవరించుకుని చదువుతూ, రెండో పేరాకు వచ్చారు: ‘మీ గానమాధుర్యంతో మా సాయంత్రాలను పండించి, ఎందరో చిన్నారుల గళాలకు స్వరాలద్దిన...’

ఆయన ఆగుతారనుకున్నాను. ఆగలేదు. జనం గొణుక్కుంటారనుకున్నాను. చప్పట్లు కొట్టారు. ఆ హాల్లో అందరూ ఇరవయ్యేళ్లుగా ఆమె పులిహోర తిన్నవాళ్లే. ఆమె పాడదని ఒక్కరికీ గుర్తు రాలేదు. ఆంటీ మాత్రం నవ్వు చెదరకుండా నిలబడి, కుర్చీల మధ్య నాకోసం వెతికింది. నేను వంగి చెప్పు సరిచేసుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ట్రెయిన్‌లో ఆ ఫ్రేము ఆమె ఒళ్లో ఉంది. ఇంటికి రాగానే అంకుల్ దాన్ని చదవకుండానే, వంకర లేకుండా చూసిచూసి, హాల్లో చెప్పుల స్టాండు పైన మేకు కొట్టి తగిలించారు.

మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళ్లాను. ఆమె పొయ్యి దగ్గర ఉంది. నావైపు తిరక్కుండానే అడిగింది.

“పాటలెప్పుడు పాడేనమ్మా నేను?”

తప్పయిపోయిందని చెప్పాను. ఫైలు సంగతి కూడా దాచలేదు. నిజంగా సిగ్గేసింది. “ఇంకొకటి రాస్తానాంటీ. అచ్చంగా మీ గురించే. మీరు మళ్లీ చెప్పండి, నేను కూర్చుని రాసుకుంటాను.”

ఆమెకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. “ఒకసారి చెప్పేను కదమ్మా,” అంది. “నువ్వు ఊ కూడా కొట్టేవు.” అని నా డబ్బాలో పులిహోర సర్ది మూత పెట్టింది.

ఆ సాయంత్రాన్ని గుర్తు చేసుకోవాలని ఎంత ప్రయత్నించినా, చింతపిక్కలు పళ్లెంలో పడ్డ చప్పుడు తప్ప నాకేమీ గుర్తు రావడం లేదు. ఆ రోజు రాసిన గడ్డం పేరా మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఇప్పుడైనా అప్పజెప్పగలను.

మూడో అధ్యాయం ఇంకా నా దగ్గరే ఉంది. ఆమెను కన్నెత్తి చూడలేదన్న వాక్యాన్ని నేను కొట్టేయలేదు, అది నిజమే కాబట్టి. ప్రొఫెసర్ మొన్న మళ్లీ అడిగారు, దానికి ఆధారం దొరికిందా అని. దొరికిందన్నాను. ఎక్కడుందో మాత్రం చెప్పలేకపోయాను. అది రోజూ పొద్దున నేను చెప్పులేసుకునేటప్పుడు సరిగ్గా నా తలమీద వేలాడుతూ ఉంటుంది.