ఆరు సిలిండర్లు, ఇరవై రెండు అంగలు

1963 ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున సైదులు అదే జీపు వెనక చక్రాన్ని నాలుగోసారి విప్పాడు. లోపల కనిపించింది ముందు మూడుసార్లు కనిపించిందే. చక్రాన్ని ఒరుసుకుని ఆపాల్సిన బ్రేకు లైనింగు నల్లగా, జిడ్డుగా, వేలు పెడితే జారేటట్టు ఉంది. ఇరుసులోని నూనె బయటికి రాకుండా ఆపే సీళ్లను పదిహేను రోజుల్లో మూడుసార్లు మార్చాడు. వాటిని హైదరాబాదు నుంచి బస్సు మీద తెప్పించాడు. అమ్మినవాణ్ని, తయారుచేసినవాణ్ని, బస్సులో మోసుకొచ్చిన కండక్టరును వరుసగా తిట్టి, లైనింగును పెట్రోలులో కడగడానికి కూర్చున్నాడు.

దేవరకొండ బస్టాండు వెనక రేకుల షెడ్డు అతనిది. తండ్రి రోడ్డు పనిలో కంకర కొట్టాడు. సైదులు పదహారేళ్లప్పుడు పట్నం పోయి బస్సుల డిపోలో ఏడేళ్లు పనిచేసి, తిరిగొచ్చి ఈ షెడ్డు వేసుకున్నాడు. ఇంజను దించి మళ్లీ ఎక్కించాలంటే తాలూకాలో అందరూ అతని దగ్గరికే వస్తారు. వచ్చినవాళ్లు చెప్పేది అతను వినడు, అతను చెప్పేది వాళ్లు వినరు. ముప్పై ఎనిమిదేళ్లకే నెత్తి నెరవడానికి కారణం అదేనని అతని భార్య జంగమ్మ అంటుంది.

జీపు వెంకటరాజంది. అతని అన్నలిద్దరూ ఇంకా మగ్గం మీదే ఉన్నారు. ఇతను మాత్రం మగ్గం గుంటలో కాళ్లు పెట్టనని చెప్పి, యుద్ధం నాటి పాత జీపును వేలంలో కొని కిరాయికి తిప్పుతున్నాడు. దిండి దాటి అచ్చంపేట దిక్కు అడవి అంచు గూడేలకు పోవాలంటే ఆ బాటలో నడిచేది అదొక్కటే. కానీ దాని నాలుగు సిలిండర్ల ఇంజను ముసలిదైపోయింది. దసరా ముందు తొమ్మిది మందితో చడావు ఎక్కుతూ సగంలో ఆగి వెనక్కి జారింది. జనం దూకి రాళ్లు పెట్టి ఆపారు. ఆ సంగతి ఊరంతా పాకాక వెంకటరాజం సికింద్రాబాదు పోయి, పాత మిలిటరీ లారీలోంచి తీసిన ఆరు సిలిండర్ల ఇంజను కొని ఎడ్లబండి మీద షెడ్డు ముందు దింపించాడు.

"గిది ఎక్కియ్" అన్నాడు.

"ఎక్కిస్త సేటు. ముందుగాల బిరేకులు చూస్త, తర్వాత కమాన్లు, తర్వాత రేడియేటరు. ఆఖరుకు ఇంజను."

"నేను తెచ్చింది ఇంజను. నువ్వు చెప్పేటియన్నీ వేరే సామాను."

"గుట్ట ఎక్కేటప్పుడు ఇంజను కావాలె. దిగేటప్పుడు బిరేకు కావాలె. నువ్వు ఎక్కి ఆడనే ఉంటనంటే ఒక్క ఇంజనే పెడ్త."

వారం రోజులు ఇదే వాదన. చివరికి సైదులు తన దారినే చేశాడు. నాలుగు చక్రాలకూ కొత్త లైనింగు కొట్టాడు. బరువైన ఇంజను మోయాలి కాబట్టి ముందు చక్రాల మీద బరువు మోసే ఉక్కు కమాన్లకు ఒక్కో పట్టీ చేర్చాడు. రేడియేటరును నాలుగు వేళ్లు ముందుకు జరిపాడు. ఇరుసు చిన్న ఇంజనుకు చేసింది, పెద్ద ఇంజను బలమంతా ఒక్కసారి దాని మీద పడితే విరుగుతుందని, ఏక్సిలేటరు కింద వేపకర్ర ముక్క బిగించాడు. పెడలు సగం మీద కొంచెం దాకానే దిగుతుంది. అది చూసి వెంకటరాజం పెడలు రెండుసార్లు తొక్కి చూశాడు. "నా పైసలతోని కొన్న బలం కింద నువ్వు కట్టె పెడ్తివి" అన్నాడు.

ఇంకో పని కూడా చేశాడు సైదులు. చక్రం విప్పకుండానే లైనింగు ఎంత అరిగిందో చూసుకోవడానికి ప్రతి బ్రేకు డ్రమ్ముకూ బొటనవేలంత బెజ్జం కొట్టాడు. ఆ పని మీద అతనికి కొంచెం గర్వంగానే ఉండేది.

పరీక్ష కూడా అతను పెట్టుకున్నదే. ఎనిమిది మంది బరువుకు సరిపోను ఆముదాల బస్తాలు జీపులో వేయడం, ఖిల్లా గుట్ట పక్క దిగుడు బాట మీద సున్నంతో గీత గీయడం, గీత దాటగానే బ్రేకు తొక్కడం, ఆగిన చోటిదాకా అంగలు లెక్కపెట్టడం. కొత్త ఇంజనుతో మొదటి రోజు ఇరవై రెండు అంగల్లో ఆగింది. ఇరవై ఐదు దాటితే బండిని కిరాయికి పోనివ్వనని అప్పుడే చెప్పాడు. అయిదు రోజులకు ముప్పై ఒకటి. ఇంకో నాలుగు రోజులకు నలభై ఎనిమిది. సీలు మార్చిన రోజు బాగానే ఉంటుంది. రాత్రి బండి వెంకటరాజం ఇంటి వాకిట్లో ఉంటుంది, రెండు మూడు పొద్దులు గడిస్తే మళ్లీ జారుతుంది.

ఇప్పుడు గడువు కూడా పడింది. మశూచి టీకాలు వేసే నర్సు లీలమ్మ సోమవారం షెడ్డుకు వచ్చి నిలబడి చెప్పింది.

"నాకు మీ సీళ్ల సంగతి తెల్వదు సైదులూ. శుక్రవారం పొద్దుగాల ఆరింటికి బండి కదలాలె. మందు మంచుగడ్డల్ల పెట్టి తెస్తున్న. అది కరిగితే మందు పాడైతది, మల్లొక నెలదాకా రాదు. ఆడ రెండు గూడేలల్ల అమ్మవారు పోసి ఉన్నది."

"బండి ఆగకపోతే మీరే గూడెం చేరరమ్మా."

"ఆగేటట్టు చెయ్యి మరి. అందుకే కద నీ కాడికొచ్చింది."

బుధవారం బండి వెంకటరాజం వాకిట్లోంచి వచ్చాక పదకొండు గంటలకు పరీక్ష పెట్టాడు. గీత దాటగానే తొక్కితే పెడలు రాయిలా గట్టిగా ఉంది, జీపు మాత్రం పోతూనే ఉంది. గేరు దించాడు, చేతి బ్రేకు గుంజాడు. చివరికి రోడ్డు పక్క కంకర కుప్పలోకి తిప్పితే ముందు చక్రాలు కూరుకుపోయి ఆగింది. ఆముదాల బస్తా ఒకటి పగిలి అతని వీపు మీద గింజలు కురిశాయి. దిగి లెక్కపెట్టాడు. డెబ్బై నాలుగు.

వెంకటరాజం నడుచుకుంటూ వచ్చి కంకర కుప్పను, జీపును, సైదులును చూశాడు.

"రేపు నల్గొండకు కొట్టుకపోత. ఆడ ఒక మిస్త్రీ ఉన్నడు. గింత రంది లేకుంట చేస్తడంట. నీ కట్టె గూడ పీకిపిస్త."

"నల్గొండ దాకా ఎట్ల పోతవ్ సేటు? నడుమ ఎన్ని దిగుళ్లున్నయో ఎరుకేనా?"

"నెమ్మదిగ పోత."

"పోయినవు గని. తాళం చెవి నా కాడున్నది, ఇయ్య."

షెడ్డుకు తిరిగొచ్చేసరికి జంగమ్మ సద్ది తెచ్చి కూర్చుంది. అతను చేతులు కడుక్కుని జొన్నరొట్టె విరిచాడు. ఆమె అతని అంగీ మోచేతి దగ్గర పట్టి చూసింది.

"నువ్వు చేసేది మోటరు పనా, ఎడ్లబండి పనా? నిన్న ఉతికిన అంగీకి కూడ గిదే మరక. కుంకుడుకాయ పెట్టి రుద్దిన, పోలే."

"ఇరుసు నూనె."

"నూనె గాదు, కందెన. మా బాపు బండికి పెట్టేది నాకెరుక లేదా? ఆముదం, గడ్డి మసి. వాసన చూడు."

సైదులు రొట్టె దింపి మోచేయి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇరుసు నూనెది గంధకం లాంటి ఘాటు. ఇది ఆ ఘాటు కాదు. పదిహేను రోజులు చేతులకు పూసుకుని తిరిగిన మనిషి ఒక్కసారీ వాసన చూడలేదు. చేయి కడుక్కోకుండానే లేచి వెంకటరాజం ఇంటికి పోయాడు.

వాకిట్లో బుచ్చయ్య వేపచెట్టు కింద చుట్ట తాగుతున్నాడు. జీపు డ్రైవరు. అంతకుముందు ముప్పై ఏళ్లు వెంకటరాజం తండ్రికి నూలు మూటలు తోలిన బండి మనిషి. పక్కనే గోడకు వెదురు గొట్టం వేలాడుతోంది, అందులో కందెన.

"మామా, జీపు చక్రాలకు ఏమన్న పెడుతున్నవా?"

"పెట్టకపోతే ఎట్ల నడుస్తది?" బుచ్చయ్య చుట్ట తీయకుండానే అన్నాడు. "రోజూ పొద్దుగాల లేస్తనే పెడ్త. ఇంజను పెద్దదైంది గద, జరంత ఎక్కువనే పెడుతున్న."

"ఎక్కడ పెడుతున్నవ్?"

"నువ్వు కొట్టిన బెజ్జాలల్ల."

సైదులు అరుగు మీద కూర్చున్నాడు.

"గా బెజ్జాలు లైనింగు చూసేటందుకు కొట్టిన మామా."

"నాకు చెప్పినవా? చక్రానికి బెజ్జం కొట్టి కందెనకు గాదంటే ఎవడనుకుంటడు? నేను సేటుతోని గూడ చెప్పిన, సైదులు తెలివిగల్లోడు, చక్రం శీల గుంజకుంటనే కందెన పెట్టేటట్టు చేసిండు అని."

లోపలి నుంచి వచ్చిన వెంకటరాజం గడప మీద ఆగిపోయాడు. బుచ్చయ్య ఆ మాట నిజంగానే చెప్పాడని అతని ముఖం చెప్పింది. సైదులు ఎవర్నీ తిట్టలేదు. తిట్టాలంటే బెజ్జం కొట్టినవాడితో మొదలుపెట్టాలి.

"సేటు, నల్గొండకు పోయేదుంటే జర ఆగు," అన్నాడు. "బండిని కంకరలకెల్లి ఎడ్లతోని గుంజిపిచ్చి ఇప్పుడే షెడ్డుకు పంపియ్. రెండు దినాలు ఆడనే ఉంటది."

కందెన తాగిన లైనింగు ఎంత కడిగినా పనికిరాదు. నాలుగు చక్రాలవీ పీకి పారేశాడు. అతని దగ్గర మిగిలింది రెండు చక్రాలకు సరిపోయేదే. మిగతా రెంటికీ గురువారం పొద్దున బస్సులో వచ్చింది. డ్రమ్ములు సబ్బునీళ్లతో, పెట్రోలుతో కడిగాడు. నాలుగు బెజ్జాలకూ లోపలి నుంచి రేకు బిళ్లలు వేసి రివెట్లు కొట్టాడు. సుత్తె దెబ్బ ఒక్కొక్కటి పడుతుంటే బుచ్చయ్య పక్కన గొంతుకూర్చుని చూశాడు.

"పొద్దుగాల లేసి నేనేం చెయ్యాలె మరి?" అని అడిగాడు.

వద్దని చెబితే ముప్పై ఏళ్ల అలవాటు ఊరుకోదని సైదులుకు అర్థమైంది. రేపు ఇంకో బెజ్జం వెతుక్కుంటాడు. అందుకని కమాన్ల పిన్నులకు గ్రీజు పెట్టే ఎనిమిది చోట్లకు తెల్లరంగు చుక్కలు పెట్టి, గ్రీజు గన్ను చేతికిచ్చాడు. "తెల్లచుక్క ఉన్నకాడ పెట్టు. లేనికాడ నీ చెయ్యి పోవద్దు. గీ గొట్టం గూడ నాకియ్యి."

బుచ్చయ్య కందెన గొట్టం ఇవ్వడానికి చాలాసేపు పట్టింది.

వెంకటరాజం వచ్చి జీపు చుట్టూ తిరిగాడు. ఏక్సిలేటరు కింద కట్టెను కాలితో తట్టి, "ఇది ఉండనీ" అన్నాడు, ముందునుంచీ అది తన ఆలోచనే అయినట్టు.

శుక్రవారం అయిదున్నరకు లీలమ్మ మంచుపెట్టెతో వచ్చేసరికి జీపు గుట్ట మీద బస్తాలతో నిలబడి ఉంది. ఇంకా పరీక్ష ఏమిటని ఆమె గడియారం చూసుకుంది. సైదులు ఎక్కి కూర్చున్నాడు. బండి దింపాడు, గీత దాటాడు, తొక్కాడు. బస్తాలు ముందుకు ఒరిగాయి. దిగి, ఆమె చూస్తుండగా గీతదాకా నడిచాడు.

ఇరవై రెండు.