పిడుగు సుబ్బులుకి మీసాలు పెట్టారు

నేను ఆరో తరగతి... మాచర్లలో ఒంటిపూట బడులు. మధ్యాహ్నం రోడ్డు మీద కాలు పెడితే బొబ్బలెక్కేది. అయినా బడి వదలగానే చెప్పుల్లేకుండా మస్తాన్ మామ కొట్టుకి ఒకటే పరుగు.

మామ బోర్డులు రాసేవాడు. లారీల వెనక నెమళ్లు, కొట్ల మీద పేర్లు... అవన్నీ కూటికోసం. ప్రాణం మాత్రం బొమ్మల కథల మీదే. బెజవాడ నుంచి వచ్చే ఒక పిల్లల మాసపత్రికలో నెలకి రెండు పేజీలు ఆయనవే. కథ పేరు 'పిడుగు సుబ్బులు'.

ఆ సుబ్బులు మా అమ్మే. నాపరాళ్ల క్వారీలో పలకలు మోసేది. ఒకరోజు మామ అమ్మని ఆపి, "చెల్లెమ్మా, నీ పేరూ మొహమూ నా కథకి ఇస్తావా?" అని అడిగాడు.

"నా మొహంతో నీకేం పనన్నా... తీసుకో" అంది అమ్మ.

కథలో సుబ్బులు మీద పిడుగు పడుద్ది. చచ్చిపోదు. అప్పట్నించి ఆమె ముట్టుకుంటే ఎంత బండైనా తేలిపోద్ది. క్వారీ గోడ కూలితే కిందున్న మనుషుల్ని లాగేది. కానీ కడుపు మాడిందా, ఆ బలం పోయేది.

"అదేంది మామా... అంత బలమిచ్చి ఆకలితో పడగొడతావు?" అని పోట్లాడాను.

"బలం ఎంతుందో చెబితే కథ కాదే పిల్లా. యాడ ఆగిపోద్దో చెప్పాల. మీ అమ్మ పొద్దున సద్ది తినకుండా పలక ఎత్తగలదా?"

ఇంకోసారి అడిగాను... ఇదే నాటకంగా ఆడితే ఎట్టా అని.

మామ కుంచె పక్కన పెట్టి ఆలోచించాడు. "బొమ్మలోనైతే కాళ్లకింద నేల కుంగినట్టు గీస్తే చాలు, రాయి బరువు తెలిసిపోద్ది. నాటకంలో ఎత్తేది అట్టరాయి. బరువంతా మెడ నరాల్లో, మొహంలో చూపియ్యాల."

"రేడియోలో?"

"రేడియోలోనా... ఊపిరొక్కటే. ఊపిరి తీసుకునే చప్పుడుతో రాయి లేపాల."

నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తది ఆ మాటకి...

ఆ మాటలైన కొన్నాళ్లకే, ఊళ్లో నాటకాలాడించే ఒక మాస్టారు కొట్టుకొచ్చాడు. పాత సంచికలన్నీ అడిగి పట్టుకెళ్లాడు, నాటకం కడతానని. మామకి నేల మీద కాలు నిలవలేదు. వారం పాటు రోజూ ఆయనకి చెప్పాడు... సుబ్బులు ఎట్టా నిలబడాలి, రాయి ఎత్తే ముందు కొంగు ఎట్టా బిగించాలి, ఆకలేసినప్పుడు చేతులు ఎట్టా వణకాలి అని.

తర్వాత బోర్డు రాయమని కాయితం పంపించాడు మాస్టారు. అందులో ఉంది... 'పిడుగు వీరన్న. కథ, దర్శకత్వం...' పక్కన మాస్టారి పేరు. మస్తాన్ వలీ అనే పేరు ఎక్కడా లేదు.

మామ ఆ బోర్డు రాశాడు. నీడ వేసి, అంచులు దిద్ది... ఎంత అందంగా రాశాడంటే నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎందుకు రాస్తున్నావు మామా, అది నీ కథ గదా."

"నా పని బోర్డులు రాయటం. కాయితంలో ఉందే రాయాల" అన్నాడు, నా మొహం చూడకుండా.

బడి వార్షికోత్సవంలో ఆడారు ఆ నాటకం. వీరన్న వచ్చాడు... బారెడు మీసాలు. ఒంటిచేత్తో అట్టరాయి ఎత్తి పకపకా నవ్వాడు. ఆకలి లేదు, బరువు లేదు, ఎవరో సాధువు ఇచ్చిన వరమంట. మా అమ్మ చేసినవన్నీ ఆయనే చేశాడు. ఒక ఆడమనిషినైతే పెట్టారు... రాయి కింద పడి కేకలెయ్యటానికి.

అమ్మ నా చెవి దగ్గరకొచ్చి, "నాకు మీసాలెప్పుడొచ్చినయ్యే?" అంది. పక్కనోళ్లు విని నవ్వారు. అమ్మ నవ్వలేదు.

చివర్లో పిల్లల్ని స్టేజి మీదకి పిలిచారు, నాటకం గురించి చెప్పమని. నేను పోయి మైకు ముందు నిలబడి చెప్పేశాను... "వీరన్న కాదు, సుబ్బులు. మా అమ్మ. కథ రాసిందీ బొమ్మలు గీసిందీ మస్తాన్ మామ."

మాస్టారు నవ్వుతూ మైకు తీసుకుని, "పిల్లకి కథ బాగా ఎక్కింది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇన్నేళ్లకీ నాకు కోపం ఆగదు.

కిందకి దిగాక అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆయన దగ్గరకే పోయింది.

"ఆడది బండ ఎత్తితే ఎవరు నమ్ముతారమ్మా? అయినా బొమ్మలేసేవాడు రచయిత ఎట్టా అవుతాడు?" అన్నాడాయన.

"రోజూ ఎత్తేది మేమే గదయ్యా. నమ్మకపోతే క్వారీకొచ్చి చూడండి" అని అమ్మ నా చెయ్యి పట్టుకుని వచ్చేసింది.

ఆ నాటకం రెంటచింతల, గురజాల... అన్ని ఊళ్లూ తిరిగింది. ఆ పేరు పత్రికవాళ్ల దాకా పోయింది. వాళ్లు మామకి ఉత్తరం రాశారు... ఇకనుంచి సుబ్బుల్ని తీసేసి వీరన్ననే గీయమని, అట్టాగైతే ఇంకో రెండు పేజీలిస్తామని.

మామ గీయనని రాసేశాడు.

అంతే... కథ సగంలో ఆగిపోయింది. ఆఖరి బొమ్మలో సుబ్బులు ఆకలితో బండకింద చిక్కుకుని ఉంటది. కింద 'తరువాయి వచ్చే నెల' అని ఉంది. ఆ వచ్చే నెల రాలేదు. మామ మళ్లీ బొమ్మల కథ గీయలేదు. పోయేదాకా బోర్డులే రాశాడు.

మొన్న మా అమ్మాయి ఫోన్లో ఏదో చూస్తుంటే నేనూ కూర్చున్నా. బొమ్మల కథలు గీసేవాళ్లని వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టి అడుగుతున్నారు... మీ వీరుడు సినిమాలోకి పోతే ఏం మారిద్ది, ఏం మారకూడదు అని. జనం నోట్లో ఈగ దూరినా తెలియనట్టు వింటున్నారు. కింద వాళ్ల పేర్లు ఎంత పెద్ద అక్షరాల్లో వేశారో...

బాగుంది. సంతోషమే. కానీ మా ఊళ్లో ఒక్క పెద్దమనిషి... ఒక్కరంటే ఒక్కరు మస్తాన్ మామని కుర్చీ వేసి ఒక్క ముక్క అడిగుంటే ఏం పోయేది?

మీ ఊళ్లోనూ ఇట్టాంటి మనిషి ఉండే ఉంటాడు. ఆయన చేసింది వేరేవాళ్ల పేరు మీద చెలామణీ అయ్యుంటది. ఎవరేమనుకున్నా సరే... ఈ కథ కింద కామెంట్లలో ఆయన పేరు రాయండి. నేను కూర్చుని అన్నీ చదువుతా.