వేలు పెడితే పారిపోయే చేపలు

ఇప్పుడంటే ఎవరి అరచేతిలో చూసినా తాకితే కదిలే తెర ఒకటి ఉంటోంది గానీ, నేను మొదటి ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో ఖరగ్‌పూర్‌లో అది వింత. అందులోనూ పది వేళ్ళూ ఒకేసారి పెట్టి ఆడించగల బల్లంత తెర కావాలంటే ఎవరికి వాళ్ళు చేసుకోవలసిందే. అందుకని మేమూ ఒకటి చేశాం. మేము అంటే నేనూ, ఇంకోటన్నా. అన్న వరంగల్ నుంచి వచ్చి మా ఊరి ఇంజనీరింగ్ విద్యాసంస్థలో పరిశోధన చేస్తుండేవాడు. నేను ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో, తాతల కాలం నుంచీ రైల్వే వర్క్‌షాపునే నమ్ముకున్న ఇంట్లో పుట్టి, డిప్లొమా చదివి, అతని ప్రాజెక్టులో తాత్కాలిక సహాయకురాలిగా చేరాను. ఏ వస్తువు తెచ్చి చూపించినా "మంచిగనే ఉంది, కానీ ఇంకోటి చూద్దాం" అనేవాడు కాబట్టి ఆ పేరు పెట్టాను. (మనసులోనే. పైకి 'అన్నా' అనే పిలిచేదాన్ని. నా హాజరు మీద సంతకం పెట్టేది అతనే మరి.)

బల్ల సంగతి చెప్పాలి. పైన మందపాటి అక్రిలిక్ పలక. దాని అంచుల చుట్టూ కంటికి కనబడని పరారుణ కాంతినిచ్చే బుల్లి దీపాలు. కింద పెట్టెలో ఒక కెమెరా, ఒక ప్రొజెక్టర్. పలక మీద వేలు నొక్కితే ఆ కాంతి అక్కడ కిందికి జారుతుంది, కెమెరాకి తెల్లటి చుక్క కనబడుతుంది, కంప్యూటర్ 'ఓహో, ఇక్కడ వేలుంది' అనుకుంటుంది. మేము తెర మీద ఒక చెరువు, అందులో చేపలు పెట్టాం. వేలు పెడితే చేపలు చెదిరి పారిపోవాలి. ఇంతే. చెప్పడానికి ఒక్క నిమిషం పట్టని ఈ పని మా వానాకాలం మొత్తాన్నీ తినేసింది. ఎందుకంటే పలక మీద ఒక పొర కావాలి. ప్రొజెక్టర్ బొమ్మ దానిమీద నిలబడాలంటే అది మందంగా ఉండాలి, కెమెరాకి వేలు కనబడాలంటే పలచగా ఉండాలి. రెండూ కుదిరే పొర దేశంలో ఎక్కడుందో వెతకడమే నా ఉద్యోగం.

ల్యాబులో అన్నీ పెద్ద పెద్ద కిటికీలే, వాటికి తెరలు లేవు. ఈ బల్లకి చీకటి కావాలి. మా క్వార్టర్లో నడిమిగదికి కిటికీయే లేదు కాబట్టి బల్లని అక్కడికి మోసుకొచ్చాం. ఆ రోజు నుంచీ మా అమ్మకి మనశ్శాంతి పోయింది. మొదట ప్రేమ్ బజార్లో స్టేషనరీ కొట్టు దాదా దగ్గర ట్రేసింగ్ కాగితం తెచ్చాను. బొమ్మ బ్రహ్మాండంగా పడింది, మర్నాటికి వానగాలికి చెమ్మెక్కి అప్పడంలా ముడుచుకుంది. "ఇంకోటి చూద్దాం" అన్నాడు అన్న. మిఠాయి కొట్టువాళ్ళు వాడే బటర్ పేపర్ తెచ్చాను. దానిమీద చేపలన్నీ కామెర్లు వచ్చినట్టు పచ్చబడ్డాయి. స్నానాలగదికి కట్టే ప్లాస్టిక్ తెర తెచ్చాను. దానిమీద వేళ్ళు స్పష్టం, చేపలు మాత్రం మబ్బు వెనక చంద్రుడు. చివరికి నాన్న ఉతికిన పంచె పరిచాను. బొమ్మ ముత్యంలా ఉంది గానీ అరచేయి మొత్తం అదిమినా కెమెరాకి ఆనలేదు. ఇంతలో నాన్న డ్యూటీ నుంచి వచ్చి, తన పంచె మీద చేపలు ఈదుతుండటం చూసి, వీధిలోకి వెళ్ళి కూర్చున్నారు.

దీపాలది మరో గోల. అవి వెలిగాయో లేదో కంటికి తెలియదు. తీగలన్నీ అతికించి స్విచ్చు వేస్తే చీకటే. ఫోను కెమెరాలోంచి చూస్తేనే లేత ఊదారంగులో మినుకుమంటాయి. అమ్మ గుమ్మంలో నిలబడి మా ఇద్దర్నీ చాలాసేపు చూసింది.

"ఏటి బాబూ, ఆ బల్బులు ఎలగవా?"

"ఎలుగుతున్నయ్ ఆంటీ. మనకి కనబడవంతే."

"కనబడని దీపాలకి కరెంటు దేనికి బాబూ?"

"కెమెరాకి కనబడతయ్ ఆంటీ."

"అయితే కెమెరాకే సెప్పండి, సీకట్లో కూకున్నందుకు టీ కూడా అదే పెట్టుకోమని," అని లోపలికి వెళ్ళిపోయింది. (టీ వచ్చింది. చక్కెర లేదు.)

ఇంకోటన్న వెతుకులాట ఆఖరికి, ఇంటి ప్లానులు గీసేవాళ్ళు వాడే గరుకు ప్లాస్టిక్ ఫిల్ము దగ్గర ఆగింది. దానికి అడుగున సిలికాన్ జిగురు పలచగా పూస్తే వేలు బాగా పట్టుకుంటుందని ఎక్కడో చదివాడు. ఆ జిగురు ఆరేటప్పుడు వెనిగర్ వాసన వేస్తుందని మాత్రం చదవలేదో, చదివి మాకు చెప్పలేదో. రోలరుతో పూస్తుంటే ఇల్లంతా పుల్లటి కంపు. "ఏటే ఇది, నా ఆవకాయ గాని సెడిపోనాదేటి," అంటూ అమ్మ జాడీలన్నీ మూతలు తీసి వాసన చూసుకుంది. ఊరగాయకి ఏమీ కాలేదని తేలాక నా మీద పడింది. "ఉద్యోగమని సెప్పి ఎల్లినావు, ఇదేనేటి ఉద్యోగం? మీ నాన్న సెప్పినట్టు సుభాష్‌పల్లిలో బాంకు కోచింగుకి ఎల్లుంటే ఈపాటికి పరీక్ష రాసుందువు."

ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే అది నిజమయ్యేలా ఉంది. ప్రాజెక్టు నడిపే పెద్దసారు, విద్యాసంస్థ చూడటానికి అతిథులు వచ్చే రోజున బల్ల పనిచేస్తే నా ఉద్యోగం పొడిగిస్తామన్నారు. పనిచేయకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

సిలికాన్ ఆరింది. బల్ల పనిచేసింది. వేలు పెడితే చేపలు జలజలా చెదిరిపోయేవి. అన్న నోట "ఇంకోటి" అన్నమాట రాలేదు. అతిథులు వచ్చే ముందురోజు సాయంత్రం బల్లని విద్యాసంస్థకి చేర్చి, పైఅంతస్తు హాల్లో పెట్టి మళ్ళీ చూసుకున్నాం, భేషుగ్గా ఉంది. మర్నాడు పొద్దున వెళ్ళేసరికి తూర్పు కిటికీలోంచి ఎండ ఏటవాలుగా బల్ల మీద పరుచుకుని ఉంది. చేపలన్నీ నీడ ఉన్న ఒక మూలకి చేరి, లోకల్ రైల్లో సీజన్ టిక్కెట్ల జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఎండలోనూ ఆ కనబడని కాంతి ఉంటుందని ఇద్దరం పుస్తకాల్లో చదువుకున్నవాళ్ళమే. చీకటిగదిలో బతికి బతికి సూర్యుడనేవాడున్నాడని మరిచిపోయాం. కెమెరా లెక్కలో బల్ల మీద ముప్పాతికవంతు ఒక రాక్షసుడి అరచేయి.

నేను పరుగెత్తి దుప్పటి తెచ్చి కిటికీకి కట్టాను. చేపలు కదల్లేదు. "బట్టలోంచి దూరుతది. ఇది కాదు, ఇంకోటి చూద్దాం," అన్నాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు వినబడుతోంది. ఇన్నాళ్ళూ దిగమింగుకున్నదంతా అప్పుడొచ్చింది నోటికి.

"ఏటి సూస్తావన్నా ఇంకా? ఇంకో సూర్యుణ్ణి సూస్తావేటి?"

అన్న బిత్తరపోయాడు. పుస్తకాల భాష తప్ప నా నోట ఎప్పుడూ వినని మనిషి. దుప్పటి ముడి ఊడి కింద పడింది, ఎండ మళ్ళీ పరుచుకుంది, అతిథులు లోపలికి వచ్చారు.

ముందు వచ్చిన పెద్దాయన బెంగాలీ, భారీ శరీరం. బల్ల మీదికి వంగగానే ఆయన నీడ తెర మీద పడింది. మూలనున్న చేపలన్నీ ఒక్క ఉదుటున ఆ నీడలోకి వచ్చేశాయి. ఆయన పక్కకి జరిగారు, చేపలూ జరిగాయి. ఇటు వచ్చారు, ఇటు వచ్చాయి. "బాహ్, ఖూబ్ షుందర్," అని మురిసిపోయి, తమ ఊరి చెరువులో చేపలూ ఎండ ముదిరితే ఇలాగే నీడకి చేరతాయి అన్నారు. అన్న ఉండబట్టలేక, సార్, అసలిది వేలితో తాకే బల్ల, దయచేసి ముట్టుకోండి అని ఇంగ్లీషులో బతిమాలాడు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, వద్దు, పాపం బెదురుతాయి అన్నారు. ఇలా జరగడం మా లోపమే సార్, కావాలని చేసింది కాదు అని కూడా అన్న నిజాయితీగా చెప్పాడు. ఆయన అన్న భుజం తట్టి, ఎంత వినయం అని పెద్దసారుతో అన్నారు. మిగతావాళ్ళు వంతులవారీగా వంగి తమ నీడల్లో చేపలు పట్టుకున్నారు. ఆ పూట ఒక్కరంటే ఒక్కరు బల్లకి వేలు తగిలించలేదు.

నా ఉద్యోగం పొడిగించారు. 'ఎండని గుర్తుపట్టే చెరువు'ని ఇంకా బాగా చేయమన్నారు. మెస్సు ముందు కూర్చుని అన్న తల పట్టుకున్నాడు. నేను పక్కన కూర్చుని నవ్వు ఆపుకోవాలని చూశాను, కుదరలేదు. కాసేపటికి అతనూ నవ్వాడు. "జర నన్ను అప్పుడప్పుడు గట్లనే తిట్టు," అన్నాడు.

అప్పటి నన్ను, ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు వింతగా ఉంటుంది. ఫిల్ము అతికించేటప్పుడు లోపల చిన్న గాలిబుడగ మిగిలిందని ఒకపూట అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మ వచ్చి కోప్పడితే, నీకు తెలీదు, ఆ బుడగ దగ్గర చేప వంకరగా పోతోంది అని ఏడ్చింది. ఇప్పుడు నేను చూసే పనుల్లో అంతకంటే ఎన్నో రెట్లు పెద్దవి చెడిపోతుంటాయి. ఫోను పెట్టేసి, వేళకి వెళ్ళి, మజ్జిగతో సహా నింపాదిగా భోంచేస్తాను. బుద్ధి వచ్చిందని మా అమ్మ సంతోషిస్తుంది. నాకు మాత్రం ఒక్కోసారి, కంచం ముందు కూర్చున్నాక, ఆ పిల్ల మీద కొంచెం అసూయ కలుగుతుంది.