హగరి ఇసుకలో ఐదుసార్లు

అనంతపురంలో ఆ మోటార్ సైకిళ్ళ షాపు అద్దాల తలుపు తోసుకుని లోపల అడుగు పెట్టగానే కొత్త టైరు రబ్బరు వాసన ముక్కుకు కొట్టింది. దాని వెంబడే వెనక సర్వీసు షెడ్డు నుంచి కాలిన ఇంజనాయిల్ వాసన వచ్చింది. ఆ రెండూ కలిసిన వాసనను నేను పాతికేళ్ళకు పైగా ఎరుగుదును. అది గుత్తిలో వలీ మేస్త్రి షెడ్డు వాసన. కాసేపు గడప దగ్గరే నిలబడిపోయాను.

నా మనవరాలు శైలు కొండలూ బండలూ దాటుకుని దూరాలు తిరిగే బండి కొనుక్కోవడానికి వచ్చింది. హిమాలయాల దాకా ఒంటరిగా పోతానంటుంది. అక్కడున్న వాటిలో అన్నిటికన్నా ఎత్తైన దాని మీద చేయి వేసి, అప్పుడే సగం దారి పోయినట్టు నిలబడింది. అమ్మే అబ్బాయి ఆ బండి బలం గురించీ వేగం గురించీ ఊపిరి తీసుకోకుండా చెబుతున్నాడు. విన్నంతసేపు విని, "ఏమప్పా, దాన్ని రొంత నేల మీద పడుకోబెట్టు" అన్నాను.

ఆ అబ్బాయి ముఖం తెల్లబోయింది. "అవ్వా, అది కొత్త బండి!"

"కొత్తదే కదప్పా ముందు పడేది. పాతదాన్ని తోలేటప్పటికి మనకు బుద్ధి వచ్చింటాది."

"అవ్వా, ఇది వలీ మేస్త్రి షెడ్డు కాదు" అని శైలు నెత్తి కొట్టుకుంది. ఆ పిల్ల ఆయన్ను చూడలేదు, నా నోట పేరు వినడమే. మీరూ చూసి ఉండరు. అందుకే ఇది రాస్తున్నాను. నాకు అక్షరాలు ముప్పై ఎనిమిదేళ్ళకు వచ్చాయి. నా వాక్యం అక్కడక్కడా వంకర పోతుంది. ఆయన మాత్రం వంకర మనిషి కాదు.

మాది ఉరవకొండ దగ్గర పల్లె. మొగుడు పోయాక ఏళ్ళ తరబడి వేరుశనగ మూటలు మోసి బతికాను. ఊళ్ళో పెద్దవాళ్ళకు చదువు చెప్పడం మొదలుపెట్టినప్పుడు సిగ్గు పక్కన పెట్టి పలక పట్టాను. చదవడం, అంకెలు వేయడం వచ్చాక గొర్రెల కాపర్ల సంఘం వాళ్ళు నన్ను గొర్రెలకు టీకాలు వేసే పనికి తీసుకున్నారు. తొంభైల చివరి మాట ఇది. ఆ పనిలో అంతవరకూ ఆడమనిషి లేదు.

ఎండాకాలం వస్తే మా వైపు గొర్రెకు మేత దొరకదు. కాపర్లు మందలను తోలుకుని బళ్ళారి వైపు కాలువల కింది భూములకు పోతారు. తొలకరి పడి పచ్చగడ్డి లేచాక ఆబగా మేసిన గొర్రెకు చిటుకు రోగం తగులుతుంది. పొద్దున మేసిన జీవం సాయంత్రానికి కాళ్ళు చాపేస్తుంది. అందుకని వానలకు ముందే, మందలు ఎక్కడ ఉంటే అక్కడికి పోయి, మంచుపెట్టెలో మందు చల్లగా ఉండగానే సూది వేయాలి. దారిలో హగరి దాటాలి. హగరి మా ఎల్లలో పారే నది. పారడం అన్నది మర్యాదకు అంటున్న మాట, ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఉత్త ఇసుక.

సంఘం కార్యదర్శి ముఖం మీదే చెప్పాడు. "ఈ ఒక్క ఎండాకాలం చూస్తాము మారెక్కా. హగరి అవతలి మందలకు నువ్వే పోయి సూదులేసి వచ్చినావా, పని నీది. లేదంటే మళ్ళా మూటలే." బండి సంఘమే కొనిస్తుంది. ఏ బండో తేల్చుకోవాలి.

నా మనసులో అది ఎప్పుడో తేలిపోయింది. మా ఊరి పెద్దమనిషి ఒకాయన మూడువందల యాభై సీసీ బండి మీద వస్తుంటే ఆ డబడబ శబ్దానికి అరుగుల మీద జనం లేచి నిలబడేవాళ్ళు. నెత్తిన మూటతో నేనూ ఎన్నోసార్లు దారి నుంచి తప్పుకున్నాను. ఇప్పుడు దాని మీద నేను పోవాలి, వాళ్ళు తప్పుకోవాలి. అదీ నా ఆశ. కార్యదర్శి ఏమో ఆడవాళ్ళకు మోపెడ్ చాలన్నాడు. తగవు తెగలేదు. చివరకు గుత్తిలో బండ్లు బాగుచేసే వలీ మేస్త్రి ఏది చెబితే అది అని ఇద్దరమూ ఒప్పుకున్నాము.

ఆయన షెడ్డు గుత్తి కోట కొండ కిందుగా ఉండేది. యాభై దాటిన మనిషి, ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడిచేవాడు. మెడలో ఎప్పుడూ దర్జీ టేపు వేలాడుతుండేది. మెకానిక్కు టేపు ఎందుకని అడిగాను. "మా నాయన మనుషులకు చొక్కాలు కొలిచినాడు. నేను మనుషులకు బండ్లు కొలుస్తాండా" అన్నాడు. నేను చీర గోచీ పోసి కట్టుకుని, పైన మగవాళ్ళ చొక్కా వేసుకుని ఉన్నాను. అందరూ ముందు ఆ చొక్కానే చూసేవాళ్ళు. ఆయన నా కాళ్ళ చెప్పులు చూశాడు.

"ఏ బండి కావల్ల అని నేను అడగనమ్మా. యాడికి పోతావు?"

"హగరి అవతలికి."

"ఏం మోస్తావు?"

"మంచుపెట్టె, మందు, నీళ్ళు."

"నీ వెంట ఎవరొస్తారు?"

"ఎవరూ రారు."

ఆ జవాబుకు ఆయన చేతిలోని స్పానరు కింద పెట్టాడు. మెడలోని టేపు తీసి నా చేతికిచ్చి, "చెప్పులతోనే నిలబడి, కాళ్ళ సందు నుంచి నేల దాకా ఎంతుండాదో నువ్వే కొలుచుకో" అని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కొలుచుకున్నాను. ఇరవై ఎనిమిది అంగుళాలు. ఆ అంకెను ఇంకొకరిని అడగకుండా నేనే చదివాను. పలక బయట నా చదువు నాకు పనికొచ్చిన మొదటి సారి అదే. గట్టిగా అరిచి చెప్పాను కాబోలు, పక్కన చాయ్ బంకు దగ్గరివాళ్ళంతా తిరిగి చూశారు.

నేను పెద్ద బండి కావాలన్నాను. ఆయన కాదనలేదు. రిపేరుకు వచ్చిన ఒక పెద్ద బండిని షెడ్డు ముందర ఇసుకలో మెల్లగా పక్కకు పడుకోబెట్టాడు. "లేపు" అన్నాడు. "ఒకసారి లేపితే చాలదు. నాలుగుసార్లు లేపల్ల. హగరిలో ఎవరైనా తక్కువలో తక్కువ నాలుగుసార్లు పడతారు. నాలుగోసారి లేపగలిగిందే నీ బండి."

చాయ్ బంకు దగ్గర ఒకడు, "ఏమక్కా, బండి నిన్ను మోస్తాదా, నువ్వు బండిని మోస్తావా?" అన్నాడు.

"నిన్ను నీ పెండ్లాం మోస్తాంది కదప్పా, పోయి అడుగు, చెప్తాది" అన్నాను. అందరూ నవ్వారు, వాడు కూడా.

కానీ బండి లేవలేదు. హ్యాండిలు రెండు చేతులా పట్టుకుని మగవాళ్ళు లేపినట్టే గుంజాను. నడుము కలుక్కుమంది. మూడు సార్లు ప్రయత్నించి ఒళ్ళు మండిపోయి, "నువ్వూ అందరి మాదిరోడివే మేస్త్రీ. ఆడదానికి ఇదేంటికి అనేది నీ నోటితో చెప్పకుండా బండితో చెప్పిస్తాండావు" అన్నాను.

ఆయన కోప్పడలేదు. కూర్చుని ఎడమ కాలి పైజామా మోకాలి దాకా ఎత్తాడు. పిక్క మీద జానెడు పొడుగున కాలిన మచ్చ, నల్లగా, మడతలు పడి. "పెండ్లయిన కొత్తలో ఇట్లాంటి బండి మీదనే బళ్ళారికి ఒంటిగా పోతాంటి. హగరిలో పడితి. కాలు కింద, సైలెన్సరు పైన. పొద్దున పడినోడిని, ఎండ నడినెత్తికి వచ్చినంక ఒక గొర్రెలోళ్ళ ముసలాయన చూసి లాగినాడు. ఆయన రాకుంటే నేను ఆడనే సచ్చింటి. నేను మొగోడినే కదమ్మా? నా బండిని నేను లేపుకోలేకపోతి. నాకది పెద్దదైపాయ. అంతే."

 నేను మళ్ళీ బండి దగ్గరకు పోయాను. ఈసారి దాన్ని బండిలా చూడలేదు, మూటలా చూశాను. నిండు వేరుశనగ మూటను ఎవరూ చేతులతో గుంజరు. మూటకు వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, నడుము కిందికి బరువు తెచ్చుకుని కాళ్ళతో లేస్తారు. నేను బండికి వీపు తిప్పాను. సీటుకు నడుము ఆనించి, ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో వెనక క్యారియరు పట్టుకుని, అడుగు వెంట అడుగు వెనక్కి నెట్టుకుంటూ లేచాను. బండి లేచింది. చాయ్ బంకులో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది.

వలీ మేస్త్రి నోరు తెరుచుకుని చూశాడు. "యా అల్లా! ఇన్నేండ్లు నాకు తెలీలేదే ఇది." వెంటనే తేరుకుని, "రెండోసారి?" అన్నాడు.

రెండోసారి సగానికి లేచి కూలబడ్డాను. అది నా బండి కాదని నాకు నేనే అర్థం చేసుకున్నాను. ఆయన ఒక్క మాట ఎత్తిపొడుపుగా అనలేదు. నూరు సీసీ బండి ఒకటి తెచ్చి పడుకోబెట్టాడు. నాలుగుసార్లూ లేపాను. నాలుగోసారి లేపాక చాయ్ అడిగి తాగాను కూడా. కార్యదర్శి మోపెడ్ మాట ఎత్తితే మేస్త్రి ఒక్క మాటలో కొట్టేశాడు. "ఆ బుడ్డ చక్రాలు ఇసుకలో దిగబడితే ఎద్దులు కట్టి లాగల్ల సార్. ఎద్దులు కూడా కొనిస్తారా?"

ఆ బండిని నాకు కొలిచి కుట్టినట్టే తయారుచేశాడు. సీటులో స్పాంజి రెండు వేళ్ళ మందం కోసి నా పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా చేశాడు. ఇంజను కిందికి రాళ్ళు తగలకుండా డ్రమ్ము రేకు బిగించాడు. చీర చిక్కకుండా చైనుకు నిండా తొడుగు వేశాడు. మంచుపెట్టెను నేను వెనక క్యారియరు మీద ఎత్తుగా పెట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. "బరువు పైన పెడితే బండి నీ మాట వినదు. కిందకి పెట్టు. ఒక పక్క పెట్టె, ఇంగో పక్క నీళ్ళ క్యాను, సమానంగా." బండి తోలడమూ ఆ షెడ్డు ముందరే నేర్పాడు. ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి కొంచెం తీసేయమన్నాడు. చక్రం వైపు చూడొద్దు, అవతలి గట్టు వైపు చూడమన్నాడు.

మొదటి ప్రయాణం వైశాఖంలో. తెల్లవారి బయల్దేరి హగరి దగ్గరికి చేరేసరికే ఎండ చురుక్కుమంటోంది. గాలి తీశాను, గట్టు వైపు చూశాను, అయినా పడ్డాను. లేపాను. పడ్డాను. లేపాను. మూడోసారి పడ్డప్పుడు మంచుపెట్టె మూత తెరిచి చూడాలనిపించింది, తెరిస్తే చల్లదనం పోతుందని ఊరుకున్నాను. నాలుగోసారి పడింది నది నడిమధ్యలో. కనుచూపు మేరలో మనిషి లేడు, గొర్రె లేదు. ఇసుకలో కూర్చుని ఏడ్చాను. చూసేవాళ్ళు లేరు కాబట్టి దాచుకునే పని కూడా లేకపోయింది. ఏడుపు అయ్యాక బండికి వీపు తిప్పాను. అవతలి గట్టు ఎక్కుతూ ఐదోసారి కూడా పడ్డాను. మేస్త్రి లెక్క ఒకటి తప్పింది. అప్పుడు మాత్రం నవ్వొచ్చింది. పెద్ద బండి అయ్యుంటే రెండోసారికే అక్కడ ఉండిపోయేదాన్ని.

మంద దగ్గర ముసలి కాపరి నన్నూ, బండినీ, నా వెనక దారినీ చూశాడు. వెనక ఎవరూ లేరు. "ఒంటిగానే వచ్చినావా తాయీ?" అన్నాడు. పెట్టె తెరిచాను. మంచు గుప్పెడు మిగిలింది. మందు సీసాలు వేళ్ళకు చల్లగా తగిలాయి. ఆయన మొదటి గొర్రెను కాళ్ళు పట్టుకుని నా ముందుకు తెచ్చాడు.

ఆ ఎండాకాలమంతా హగరి దాటుతూనే ఉన్నాను. వానలు పడ్డాయి, గడ్డి లేచింది. నేను సూది వేసిన మందల్లో చిటుకు రోగం రాలేదు. కార్యదర్శి నన్ను పొగడలేదు, మరుసటి ఏటి మందుపెట్టె తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నాకు అది చాలు.

అయితే మొదటి ప్రయాణం నుంచి తిరిగి వచ్చిన రోజే ఒక పోస్టుకార్డు కొన్నాను. నేను రాసిన మొట్టమొదటి ఉత్తరం అది. "వలీ మేస్త్రీ, హగరిలో ఐదుసార్లు పడినాను. ఐదుసార్లూ లేపినాను. మందు చల్లగానే ఉండింది. మారెక్క." ఇంతే. ఈ నాలుగు మాటలకు సాయంత్రమంతా పట్టింది. ఆయనకు ఉర్దూ తప్ప తెలుగు చదవడం రాదని నాకు తెలియదు. తరవాత వెళ్ళినప్పుడు చూస్తే కార్డు షెడ్డు గోడకు మేకు కొట్టి ఉంది, చుట్టూ గ్రీసు వేలిముద్రలు. నన్ను ఎగతాళి చేసిన ఆ చాయ్ బంకు మనిషి చేతే మేస్త్రి దాన్ని చదివించుకున్నాడట. వచ్చిన ప్రతివాడికీ మళ్ళీ మళ్ళీ చదివించాడట. "నీ ఉత్తరం నాకు నోటికొచ్చేసిందక్కా" అని ఆ చాయ్ మనిషి వాపోయాడు.

ఆ రోజు ఒక బలిష్ఠుడు పెద్ద బండి కోసం వచ్చి ఉన్నాడు. మేస్త్రి దాన్ని ఇసుకలో పడుకోబెట్టి అంటున్నాడు. "చేతులతో కాదు నాయనా. మారెక్క మాదిరి లేపు. వీపు తిప్పి. ఐదుసార్లు." నాలుగు ఐదైంది. అక్షరాలు రాని రోజుల్లో నేను మోసిన మూటల నుంచి ఒకరు నేర్చుకునేది ఉంటుందని అంతవరకూ నాకు తోచలేదు. ఆయన పోయేంతవరకూ ఆ షెడ్డులో ఆ లెక్క మారలేదు.

షాపు అబ్బాయి చివరకు దారికొచ్చాడు. వెనక పెరట్లో అందరూ తోలి చూసే పాత బండ్లు ఉంటాయి, వాటిని పడుకోబెట్టడానికి ఒప్పుకున్నాడు. అక్కడున్న అలాంటి ఎత్తు బండిని శైలు రెండుసార్లు లేపి ఆగిపోయింది. నా ముఖం చూసింది.  దానికన్నా చిన్నదాన్ని, పాదాలు నేలకు ఆనేదాన్ని, ఐదుసార్లు లేపింది. చివరిసారి ఆ అబ్బాయే "ఐదు!" అని అరిచాడు.

నాకిప్పుడు మోకాళ్ళు చెడ్డాయి. బండి తోలి ఏళ్ళయింది. అయినా ఏ పని ఎదురైనా, ఇది నన్ను ఎంత దూరం తీసుకుపోతుందని అడగను. పడితే ఐదోసారి కూడా నేనే లేపుకోగలనా అని అడుగుతాను. లేపుకోగలనంటే దిగుతాను, అవతలి గట్టు వైపు చూస్తూ.

నిన్న సెల్‌ఫోన్లో శైలు దగ్గరి నుంచి నాలుగు ముక్కలు వచ్చాయి. కళ్ళద్దాలు పెట్టుకుని నేనే చదువుకున్నాను.

"అవ్వా, మంచు కొండల్లో ఉండా. రెండుసార్లు పడినా, లేపినా. ఇంగా మూడు మిగిలుండాయి."