గొంగళ్ల చీకట్లో మొదటి సినిమా

మా సారుకు ఒక పట్టుదల ఉండేది. బడి మానేలోపు ప్రతి పిల్లా పిల్లవాడూ ఒక్క తెలుగు సినిమా అయినా చూడాలి. "మన భాషల మనోళ్లు తీసిన బొమ్మ సూడకుంట పెద్దగైతే ఎట్ల?" అనేవారు. చూడకుండానే పెద్దయిన మా ఊరంతా ఆయన్ను వింతగా చూసేది.

ఆ ఎండాకాలం దేవరకొండలో డేరా టాకీసు వేశారు. ఆటలన్నీ పొద్దుగూకాకే. గొర్రెల కాపరులు పిల్లలను రాత్రిపూట పంపరు. మా బాపు పగలు కూడా పంపడు. సినిమా చూసిన పిల్ల గొర్లు కాయదని ఆయన నమ్మకం. చూడకముందు నేనేం కాశానన్నది వేరే సంగతి. సారు డేరా యజమానిని బతిమాలి, డేరా చిట్యాలకు తరలే రోజు మధ్యాహ్నం బడిపిల్లలకు ఒక్క ఆట ఒప్పించారు.

నడిచి వెళ్లి ఇసుక మీద కూర్చున్నాం, నేనైతే బాపుకు చెప్పకుండా. ఇంజను మొదలైంది. తెర మీద ఏమీ లేదు. డేరా గుడ్డ పలచన, పైగా నిండా చిరుగులు. ఎండ మాతోపాటే లోపలికొచ్చి కూర్చుంది. మాటలు వినిపిస్తున్నాయి, మనుషులు లేరు.

"రేడియో బాగుంది సారూ" అన్నాను.

సారు నవ్వలేదు. ఆయన మొహం చూశాక నాకూ నవ్వు రాలేదు. రేపటికి ఇక్కడ డేరా ఉండదు.

అప్పుడే బాపు వచ్చాడు. అంగట్లో గొర్లు అమ్ముకోవడానికి వచ్చినవాడు, కూతురు సినిమాలో ఉందని విని ఇంటికి లాక్కుపోదామని వచ్చాడు. భుజం మీద నల్ల గొంగడి. సారు బాపును చూడలేదు, గొంగడినే చూశారు.

"పెద్దమనిషీ, నీ గొంగడి జర డేరా మీద కప్పుతవా?"

"డేరాకు సలి వెడ్తాందా సారూ?"

"ఎల్తురొస్తాంది. పిల్లలకు బొమ్మ కనవడ్తలేదు."

బాపు తెల్లటి తెరను చూశాడు, మమ్మల్ని చూశాడు. "ఇంత దూరం నడిపిచ్చి ఉత్తగ కూసోవెట్టిన్రా?" అని, అంగట్లోకి వెళ్లి తోటి కాపరులను పిలుచుకొచ్చాడు.

కాపరి తన గొంగడిని ఎక్కడా వదిలి పోడు. అందుకని గొంగళ్లు డేరా పైకెక్కాయి, వాటి కాపలాకు కాపరులు లోపలికొచ్చారు. సినిమా పిల్లలను చెడగొడుతుందన్న వాళ్లంతా మా వెనక సర్దుకుని కూర్చున్నారు. "గొంగడి మీద ఓ కన్నేసి ఉంచాలె" అన్నాడు ఒకాయన, తెర మీంచి కన్ను తీయకుండా.

ఒక్క చిరుగు మిగిలింది, తెర పక్కనే. అక్కడ గొంగడి నిలవడం లేదు. బాపు తనదాన్ని రెండు చేతులా ఎత్తి అడ్డం పట్టుకున్నాడు. అక్కడ నిలబడినవాడికి తెర కనిపించదు. మేమే కనిపిస్తాం.

డేరా యజమాని ఆట మళ్లీ మొదటినుంచి వేయించాడు. అప్పుడొచ్చింది బొమ్మ, గొర్రె వాసనతో సహా. మొదట పడ్డ పేర్లను సారు ఒక్కటీ వదలకుండా పైకి చదివారు. తెర మీద వాళ్లు మాట్లాడేది మన తెలుగేనని ముందే చెప్పారు కనుక నమ్మాం. చివర్లో వీరుడు బాణం తగిలి పడిపోయి, తల్లికో మాట, పెళ్లానికో మాట, గుర్రానికో పాట చెప్పుకుంటూ పోయాడు. డేరా అంతా ముక్కులు చీదుతోంది. మా ముసలి పొట్టేలు కూడా చావడానికి అంతసేపు తీసుకోలేదని గుర్తొచ్చి నేను నవ్వాను.

తిరిగి వస్తుంటే బాపు అడక్కముందే కథ మొదలుపెట్టాను.

"నాకెర్కే బిడ్డా" అన్నాడు భుజాలు రుద్దుకుంటూ. "మొదాలు అందరు నోర్లు దెర్శిన్రు. నడుమ పక్కుమన్నరు. ఆఖర్కి ఎవడో సచ్చిండు. మీ సారే ముందుగాల ఏడ్శిండు."

"మరి నేను?"

"నువ్వు నవ్వినవ్. గప్పుడు నాకు ధైర్యమొచ్చింది, సీన్మ నిన్నేం ఖరాబ్ జెయ్యదని."

ఇప్పుడు పట్నం హాళ్లలో చీకటి టికెట్టుతోపాటే ఇస్తున్నారు. అయినా మొదట పేర్లు పడేటప్పుడు సారులాగే ఒక్కటీ వదలకుండా చదువుతాను. చీకటి పట్టుకున్నవాళ్ల పేరు మాత్రం ఇంకా వేయడం లేదు.